రోమ్‌లో ఒక్క రోజు: మోకాళ్ల నొప్పుల నాన్న, గుడ్డు ముట్టని అమ్మ. ఏది ముందు, ఏది తర్వాత?

కొత్త బాటసారి:

అందరికీ నమస్కారం. అక్టోబరు రెండో వారంలో రోమ్‌లో మాకు ఒక్క పగలు దొరుకుతోంది. ముందురోజు రాత్రికి దిగుతాం, మర్నాడు పొద్దున్నే ఫ్లోరెన్స్ రైలు. బస టెర్మినీ స్టేషన్ పక్కనే. నలుగురం: మేమిద్దరం, అమ్మ, నాన్న. నాన్నకి డెబ్బై రెండు. చదునైన దారి అయితే నడుస్తారు, మెట్లంటేనే ఇబ్బంది. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు.

నేను రాసుకున్న వరుస ఇది: కొలోసియం, రోమన్ ఫోరం (పాత నగరపు శిథిలాలు), వాటికన్ మ్యూజియంలు, సెయింట్ పీటర్స్ చర్చి, పాంథియన్ (పాత రోమన్ గుడి, ఇప్పుడు చర్చి), ట్రెవీ ఫౌంటెన్, స్పానిష్ మెట్లు. ఇదంతా ఒక రోజులో అవుతుందా? బుధవారం వెళ్లాలా శనివారం వెళ్లాలా అన్నది ఇంకా మా చేతిలోనే ఉంది. ఏ రోజు మేలు? అమ్మకి పిజ్జా, ఐస్‌క్రీము కాకుండా ఇంకేమైనా దొరుకుతుందా? టికెట్ల సంగతి కూడా చెప్పండి.

రావిచెట్టు నీడ:

అవ్వదండీ. మ్యూజియంలు కొట్టేయండి. మొహమాటం లేకుండా చెబుతున్నాను. లోపల సిస్టీన్ చాపెల్ దాకా వెళ్లి రావడానికే మూడు గంటలు కావాలి. గుంపులో నెమ్మదిగా జరుగుతూ నిలబడే ఉండాలి, మధ్యలో మెట్లు కూడా ఉంటాయి. అక్కడికి వెళ్లారంటే మిగతా రోమ్ టాక్సీ కిటికీలోంచి చూసినట్టే.

రోమ్‌లో ఒక రోజుని నడిపించేది మన జాబితా కాదు, మధ్యాహ్నం మూతపడే తలుపులు. చిన్న చర్చిలు చాలావరకు పన్నెండున్నర ప్రాంతంలో మూసి, మూడు ఆ ప్రాంతంలో తెరుస్తారు. భోజనశాలల వంటగది పన్నెండున్నర నుంచి మూడు దాకా ఒక విడత, మళ్లీ రాత్రి ఏడున్నర తర్వాత ఇంకో విడత. నాలుగింటికి ఆకలేస్తే వేడి అన్నం లాంటిదేమీ దొరకదు, చేతిలో పట్టుకు తినేదే. కాబట్టి పొద్దున ఆరుబయట రాళ్లు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం చర్చిలూ ఫౌంటెన్లూ. ఈ వరుస తిరగేస్తే ప్రతిచోటా మూసిన తలుపే ఎదురవుతుంది.

కొలోసియం 8:30కి తెరుస్తారు. మొదటి సమయానికే టికెట్ పెట్టుకోండి. టెర్మినీ నుంచి మెట్రో బి లైన్, లౌరెంతీనా వైపు, రెండో స్టేషనే. బయటికి రాగానే ఎదురుగా ఉంటుంది. పై అంతస్తుకి లిఫ్ట్ ఉంది. అక్కడి సిబ్బందికి నాన్నగారి మోకాళ్ల సంగతి ముందే చెప్పండి, ఎందుకంటే మామూలు దారిలోని రాతిమెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. గంటన్నర చాలు.

ఫోరం, పాలటైన్ కొండ అదే టికెట్‌లో వస్తాయి. అయినా మీరు లోపలికి దిగొద్దంటాను. అడుగున ఉన్నవి పాతకాలపు పెద్ద పెద్ద నల్లరాతి పలకలు, ఎగుడుదిగుడుగా ఉంటాయి. మోకాలు సరిగ్గా లేనివాళ్లకి మెట్లకన్నా అవే ప్రమాదం. దానికి బదులు కొలోసియం నుంచి వియా దెయ్ ఫోరీ ఇంపెరియాలీ మీదుగా నడవండి. కిలోమీటరుకి కాస్త తక్కువ, చదునైన వెడల్పాటి దారి. ఎడమవైపు ఫోరం, కుడివైపు ట్రాజన్ చక్రవర్తి కట్టించిన అంగడి, క్రీ.శ. 113 నాటి ఆయన విజయస్తంభం, అన్నీ దారిలోంచే కనబడతాయి. చివర్లో పెద్ద తెల్లటి కట్టడం వస్తుంది. దాని పక్కనుంచి కాపిటొలైన్ కొండ మీదికి వాలు దారి ఉంది. మైకలాంజెలో గీసిన నమూనా అది. మెట్లలా కనిపిస్తాయి కానీ ఒక్కోటి బారెడు వెడల్పు, ఎత్తు మాత్రం నామమాత్రం. నెమ్మదిగా ఎక్కేయొచ్చు. అయితే దాని పక్కనే ఆరాచేలీ చర్చికి పోయే నిటారు మెట్లున్నాయి, నూటికి పైనే. పొరపాటున వాటి మీద కాలు పెట్టకండి. కొండపైన చౌకు దాటి నగరపాలక భవనం వెనక్కి వెళితే ఫోరం మొత్తం కాళ్లకింద పరిచినట్టు ఉంటుంది. డబ్బులక్కర్లేదు. లోపల తిరిగినవాళ్లకి కూడా ఏ గుడి ఎక్కడుందో అర్థమయ్యేది ఇక్కడికి వచ్చాకే.

అక్కడినుంచి దిగి మార్చెల్లస్ రంగశాల పక్కగా పది నిమిషాలు నడిస్తే పాత యూదుల పేట. భోజనం అక్కడ. ఎందుకక్కడో తిండి సంగతి తెలిసినవాళ్లు చెబుతారు.

భోజనం తర్వాత లార్గో ఆర్జెంతీనా అనే చౌకు. సీజర్‌ని క్రీ.పూ. 44లో పొడిచిన సభామందిరపు అవశేషాలు దాని నడుమ ఉన్న గుంటలో ఉన్నాయి. ఇప్పుడు అక్కడ పిల్లుల రాజ్యం. పైనుంచి చూస్తే చాలు. తర్వాత పాంథియన్, దాన్నుంచి నవోనా చౌకు. ఈ రెంటికీ మధ్య సాన్ లుయీజీ దెయ్ ఫ్రాంచేసీ చర్చిలో చిత్రకారుడు కరవాజ్జో వేసిన బొమ్మలు మూడున్నాయి, ఉచితంగా. చీకటిగా ఉంటుంది, దీపం వెలగాలంటే పెట్టెలో నాణెం వేయాలి, చిల్లర దగ్గరుంచుకోండి. ఆఖరికి ట్రెవీ, స్పానిష్ మెట్ల అడుగుభాగం. ఆ మెట్ల పక్కనే మెట్రో ఏ లైన్, స్పాన్యా స్టేషన్. మూడు స్టేషన్లలో టెర్మినీ.

నవోనాలో శిల్పి బెర్నీనీ 1651లో పూర్తిచేసిన నాలుగు నదుల ఫౌంటెన్ దగ్గర ఒక్క నిమిషం ఎక్కువ ఆగండి. ఆ నాలుగింట్లో ఒకటి మన గంగ. గడ్డం పెంచుకుని, పొడుగాటి తెడ్డు పట్టుకుని కూచున్న మగమనిషి! రోమన్లకి నదులు మగదేవుళ్లు మరి. అమ్మగారు దణ్ణం పెట్టాలా వద్దా అని ఆలోచనలో పడతారు.

గల్లీ పటం:

టికెట్ల సంగతి నేను చెప్తా. కొలోసియం మామూలు టికెట్ 18 యూరోలు. అధికారిక సైట్‌ల సుమారు 30 రోజుల ముందు తెరుస్తరు, పొద్దటి సమయాలు తొందరగ అయిపోతయి. టికెట్ మీద పేరుంటది, పాస్‌పోర్ట్‌ల ఎట్లుంటే అట్లనే కొట్టాలె. మనోళ్లకు తప్పు జరిగేది ఇక్కడనే: ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత కొట్టుడు, లేకపోతే ఇంటిపేరు ఒక్క అక్షరంతోని సరిపెట్టుడు. గేటుకాడ పాస్‌పోర్ట్ చూపియ్యమంటరు. పెద్ద బ్యాగులు, గాజు సీసాలు లోపలికి రానియ్యరు. సామాను హోటల్లనే పెట్టి పోండ్రి.

పాంథియన్‌కు 2023 జులై నుంచి 5 యూరోల టికెట్ పెట్టిండ్రు. అది గూడ ముందే తీసుకోండ్రి, లేకుంటే చౌరస్తాల లైన్ కట్టాలె. శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున ప్రార్థన టైంల చూడనియ్యరు. అది ఇప్పటికీ చర్చే, భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలె. మన ఆడవాళ్లకు చీర, చున్నీ ఉంటయి కాబట్టి ఫికర్ లేదు. నిక్కరేసుకున్న మొగోళ్లనే ఆపుతరు.

మెట్రోకి, బస్సుకి టికెట్ 1.50 యూరోలు, 100 నిమిషాలు నడుస్తది. ఆ 100 నిమిషాల్ల బస్సులు ఎన్నైనా మారొచ్చు గని మెట్రో మాత్రం ఒక్కపారే. స్టేషన్ బయటికొచ్చి మళ్ల మెట్రో ఎక్కుతే కొత్త టికెట్. బ్యాంకు కార్డు గేటుకు తాకిస్తే గూడ నడుస్తది, గని ఒక మనిషికి ఒక కార్డు. నలుగురికి ఒకటే కార్డు తాకిస్తే ఒక్కలకే లెక్క. ఇండియా కార్డైతే బ్యాంకు యాప్‌ల విదేశీ వాడకం, తాకించి కట్టుడు, రెండూ వేర్వేరుగ ఆన్ చేయాలె. ఒకటి మర్చిపోతే గేటు తెరుచుకోదు, అప్పుడు వెనక ఉన్నోళ్లంత మిమ్ముల్నే చూస్తరు. కాగితం టికెట్ అయితే బస్సెక్కంగనే మిషన్ల గుద్దాలె. గుద్దని టికెట్ ఉన్నా, అసలు టికెట్ లేకున్నా జరిమానా ఒకటే.

దుకాణంల కార్డు పెడితే మిషన్ "రూపాయలా, యూరోలా" అని అడుగుతది. యూరోలే ఒత్తండ్రి. రూపాయలు ఒత్తితే వాళ్లు పెట్టిన రేటు పడ్తది, ఎప్పటికీ మనకే నష్టం.

జేబుదొంగలు: టెర్మినీ, మెట్రో ఏ లైన్, 64 నంబరు బస్సు. ఈ మూడింట్లనే ఎక్కువ. తలుపులు మూసుకునే ముందు ఒక్కసారి గుంపు తోసుకుంటది సూడు, పని అప్పుడే అయితది. పాస్‌పోర్టులు అంగీ లోపల సంచిల పెట్టుకోండ్రి. టెర్మినీల టికెట్ మిషన్ కాడ "నేను చూపిస్త" అని వచ్చెటోళ్లను, కొలోసియం కాడ చేతికి దారం కట్టెటోళ్లను, గులాబీ చేతిల పెట్టెటోళ్లను దగ్గరికి రానియ్యొద్దు. కత్తి, డాలు పట్టుకొని పాత సిపాయి వేషంల నిలబడెటోళ్లు ఫొటో దిగినంక పైసలు గట్టిగ అడుగుతరు.

స్పానిష్ మెట్ల మీద కూసుంటే 250 యూరోల జరిమానా. 2019 నుంచి ఉన్నదే. మోకాళ్లు నొస్తున్నయని నాయిన ఠక్కున కూలబడతడు, జర చూసుకోండ్రి.

పప్పుచారు:

అమ్మగారి విషయానికొస్తే, మాంసం కనిపిస్తుంది కాబట్టి భయం లేదు. కనిపించనివే చిక్కు: గుడ్డు, పందికొవ్వు, చిన్నచేప, మాంసపు రసం. రోమ్ వంటలో ఈ నాలుగూ ఎక్కడ దూరతాయో తెలిస్తే చాలు.

పొద్దున బార్‌లో, అంటే అక్కడ కాఫీ హోటలన్నమాట, నెలవంక బన్ను కొర్నెత్తోలో గుడ్డు ఉంటుంది. చాలాచోట్ల గుడ్డు, పాలు లేనిది కూడా పెడతారు, "కొర్నెత్తో వెగానో" అని అడగండి. కాఫీ కావాలంటే కపుచ్చీనో. "లాతే" అంటే ఉత్త పాల గ్లాసు వస్తుంది. నాన్నగారికి మన కాఫీ అలవాటైతే కపుచ్చీనోలో వేడి తక్కువనిపిస్తుంది, "మోల్తో కాల్దో" అని చెప్పాలి. చాలాచోట్ల ముందు గల్లాలో డబ్బు కట్టి, ఆ చీటీ కౌంటర్ మీద పెట్టి అడగాలి. నిలబడి తాగితే ఒక ధర, కూచుంటే ఇంకో ధర. ఊరి మధ్యలో చౌకు ఎదురుగా కూచుంటే రెండింతల పైనే. కూచోకుండానే అడగండి, కూచున్నాక కాదు.

మధ్యాహ్నానికి యూదుల పేట చెప్పింది ఇందుకే. వాళ్ల మతనియమం ప్రకారం పాలు, మాంసం ఒకే వంటగదిలో కలవకూడదు. ఆ నియమం పాటించే కోషెర్ హోటళ్లు రెండు రకాలు: మాంసం వండేవి, పాలవి. పాల హోటల్ వంటగదిలోకి మాంసం, పందికొవ్వు, మాంసపు రసం రావు. బయట బోర్డు మీద "లాత్తే" అనో "హలావీ" అనో రాసి ఉంటుంది. అదే వీధిలో పక్కనే మాంసం హోటళ్లు ఉంటాయి, పేరు చూడకుండా దూరిపోవద్దు. ఒక మెలిక: చేప వాళ్ల లెక్కలో మాంసం కాదు. కాబట్టి చేప, గుడ్డు సంగతి అక్కడా అడగాల్సిందే.

ఇక్కడే మీ బుధవారం–శనివారం ప్రశ్న తేలిపోతుంది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా కోషెర్ హోటళ్లు మూత. బుధవారమే వెళ్లండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వాళ్ల పండుగలు వరుసగా వస్తాయి, ఆ రోజుల్లోనూ తెరవరు. తేదీ ఖాయం చేసేముందు ఆ ఏటి పండుగలు చూసుకోండి.

ఆ పేట పేరెత్తితే అందరూ చెప్పేది కార్చోఫీ అల్లా జుదీయా. ఆర్టిచోక్ మొగ్గని పూర్తిగా నూనెలో రెండు విడతలు వేయించి, రేకలు పువ్వులా విప్పుతారు. అంచులు అప్పడంలా, నడుమ మెత్తగా. ఉప్పు తప్ప మసాలా లేదు. దాని అసలు కాలం శీతాకాలం చివరి నుంచి వసంతం దాకా. అక్టోబరులో మెనూలో ఉన్నా రుచి అంత ఉండదు, ఒకటి తీసుకుని నలుగురూ పంచుకోండి.

పాస్తాలో ఎండుది గోధుమరవ్వ, నీళ్లే. పచ్చిపాస్తాలో గుడ్డు. స్పగెత్తీ, రిగతోనీ, పెన్నె మామూలుగా ఎండువే. ఫెత్తుచ్చీనే, రవియోలీలో గుడ్డుంటుంది. రోమ్ వాళ్ల మిరియాల పాస్తా కాచో ఎ పేపే చాలాచోట్ల తొన్నరెల్లీతో చేస్తారు, అది తరచుగా గుడ్డుదే. స్పగెత్తీతో చేసిమ్మని అడగొచ్చు. అమ్మగారికి నప్పేది పెన్నె అల్ అరబ్బియాతా: టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి. ఎర్రగా వస్తుంది కానీ మన నాలుకకి చప్పనే, "ప్యూ పెపెరొన్చీనో" అనండి. పక్కకి చికోరియా రిపస్సాతా చెప్పండి. ఉడికించిన ఆకుకూరని నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చితో వేయిస్తారు. కాస్త చేదు. మెంతికూర తినేవాళ్లకి బాగా నచ్చుతుంది. రోమ్‌లో అమ్మగారు రెండోసారి అడిగేది ఇదే అవుతుంది, చూడండి.

మోసం చేసే పేర్లు కొన్ని. "పెపెరోనీ" అంటే అక్కడ క్యాప్సికం, హాయిగా తినొచ్చు. కారంగా ఉంటుందని "దియావొలా" పిజ్జా అడిగితే పంది సాసేజ్ వస్తుంది. గుమ్మడిపువ్వు బజ్జీ అనగానే మనకి ప్రాణం లేచొస్తుంది. లోపల జున్నుతోపాటు చిన్నచేప ముక్క పెడతారు. పుంతరెల్లే అనే పచ్చికూర సలాడ్ మీద పోసేదీ ఆ చేప నూరిన పులుసే. శనగల పులుసులో కూడా అది కలపడం ఉంది. సుప్లీ, అంటే అన్నం ఉండ బోండా, చాలాచోట్ల మాంసం కలిపిన టమాటా గుజ్జుతో చేస్తారు. మినెస్త్రోనే కూరగాయల సూప్‌లోనూ పందిముక్క పడొచ్చు. కాబట్టి కాగితం మీద రాసుకోండి: "సెన్‌త్సా కార్నె, సెన్‌త్సా పేషే, సెన్‌త్సా ఓవా, సెన్‌త్సా స్త్రుత్తో." మాంసం, చేప, గుడ్డు, పందికొవ్వు వద్దని. "నేను శాకాహారిని" అని ఊరుకుంటే చిన్నచేప వాళ్లకి గుర్తుకు రాదు.

తీపిలో తిరమిసులో గుడ్డు, పన్నకొత్తాలో జంతువుల నుంచి తీసే జెలటిన్. జెలాతోలో, అంటే అక్కడి ఐస్‌క్రీములో, "క్రేమా" అంటే గుడ్డుసొన. "ఫియోర్ ది లాత్తే" మామూలుగా పాలు, చక్కెర, మీగడే. నిమ్మ, స్ట్రాబెర్రీ లాంటివి నీళ్లతో చేసినవి. పిస్తా మట్టిరంగు కలిసిన ఆకుపచ్చలో ఉంటే మంచిది, చిలకపచ్చగా ఉంటే రంగునీళ్లే. డబ్బాపైన గుట్టలా పొంగించి పెట్టారంటే గాలి ఎక్కువ, సరుకు తక్కువ.

కొత్త బాటసారి:

అందరికీ ధన్యవాదాలు. బుధవారమే ఖాయం చేశాం, మ్యూజియంలు తీసేశాం. రెండు సందేహాలు. అమ్మకి చీజ్ విషయంలో కూడా పట్టింపు ఉంది, దూడ కడుపులోంచి తీసేదేదో కలుపుతారని విన్నది. అలాగే నాన్న సెయింట్ పీటర్స్ అయినా చూపించమంటున్నారు. బయటినుంచైనా సరేనట. కుదురుతుందా?

పప్పుచారు:

అమ్మగారు విన్నది నిజమే. పాలు విరిచి గడ్డకట్టించడానికి అది వాడతారు. పెకొరీనో రొమానోకి గొర్రెపిల్ల పొట్టలోది, పర్మిజానోకి దూడది. ఆ పేరు పెట్టుకోవాలంటే అవే వాడాలని నియమం కూడా. అంటే కాచో ఎ పేపే అమ్మగారికి లేనట్టే. మొజరెల్లాలోనూ తరచుగా అదే. "కాల్యో వెజెతాలే", అంటే జంతువులది కాక మొక్కలది వాడామని, పొట్లం మీద రాసి ఉన్న చీజ్ బజారులో దొరుకుతుంది కానీ హోటల్లో అది తేల్చుకోవడం కష్టం. తేలిక దారి: పిజ్జా మరినారా. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. చీజ్ అసలు వెయ్యరు. ముక్కలుగా కోసి తూకానికి అమ్మే కొట్లలో "పిజ్జా రోస్సా", రోజ్‌మేరీ వేసిన బంగాళాదుంప పిజ్జా అడగండి. దుంపదాని మీద కొందరు చీజ్ వేస్తారు, చూసి తీసుకోండి. ఎంత కావాలో చేత్తో చూపిస్తే అంత కోస్తారు. "ఉన్ ఎత్తో" అంటే వంద గ్రాములు. మనిషికి రెండు ఎత్తోలు పెట్టుకోండి. మాంసం పిజ్జా కోసిన కత్తితోనే కోస్తారన్నది గుర్తుంచుకోండి. పట్టింపు అంతవరకు ఉంటే కత్తి కడగమని అడగాలి, నవ్వుకుంటూనే కడుగుతారు.

రాత్రికి మీ బస టెర్మినీ దగ్గర కాబట్టి పియాత్సా విత్తోరియో వైపు నడవండి, ఎస్క్విలీనో పేట. మనవాళ్లవీ బంగ్లాదేశ్ వాళ్లవీ దుకాణాలు, హోటళ్లు వరుసగా ఉంటాయి. ఆ బజారులో బెండకాయ, పచ్చిమిర్చి, కరివేపాకు కూడా అమ్ముతారు. మర్నాటి రైలుకి అమ్మగారికి పెరుగు, అరటిపళ్లు అక్కడే కొనేయండి.

దిక్కులు చూడకు:

రావిచెట్టు గారి వరుసతో నాకు ఒక్క దగ్గరే పేచీ. ట్రెవీ, స్పానిష్ మెట్లు సాయంత్రం పెట్టకండి. ఆ వేళ ట్రెవీ దగ్గర నీళ్లకన్నా తలకాయలే ఎక్కువ కనబడతాయి. ఏడింటికల్లా బయల్దేరితే మెట్రో ఏ లైన్‌లో టెర్మినీ నుంచి రెండో స్టేషన్ బర్బెరీనీ. అక్కడినుంచి ట్రెవీకి ఎనిమిది, పది నిమిషాల నడక, దిగుడే. స్పానిష్ మెట్లు వదిలేయండి. మెట్లెక్కలేని మనిషికి మెట్లు చూపించడమేమిటి! ట్రెవీ నుంచి కొలోసియంకి టాక్సీ పట్టండి. నలుగురికి పంచుకుంటే పెద్ద ఖర్చేం కాదు, 8:30 సమయం అందుతుంది. టికెట్ తొమ్మిదింటికి పెట్టుకుంటే ఇంకా నిమ్మళం.

అలా చేస్తే సాయంత్రం సెయింట్ పీటర్స్‌కి చోటు దొరుకుతుంది. బుధవారం పొద్దున పోప్ జనదర్శనం ఉంటుంది, అది అయ్యేదాకా పర్యాటకుల్ని లోపలికి పంపరు. మధ్యాహ్నం నుంచి తెరిచే ఉంటుంది, ఏడు ప్రాంతంలో మూస్తారు. లోపలికి టికెట్ లేదు కానీ విమానాశ్రయంలోలా సోదా ఉంటుంది, వరుస దానికే. నాలుగున్నర దాటాక ఆ వరుస పొద్దుటికన్నా చాలావరకు తగ్గుతుంది. నవోనా నుంచి సాంతాంజెలో వంతెన మీదుగా కిలోమీటరున్నర నడక, చదునుగానే ఉంటుంది. నాన్నగారు అలిసిపోతే అక్కడా టాక్సీయే. రోడ్డు మీద చెయ్యెత్తితే ఆగరు, టాక్సీ స్టాండ్‌కే వెళ్లాలి. తెల్లరంగు, పైన దీపం, మీటరు, ఇవి మూడూ చూసి ఎక్కండి.

లోపల కుడిచేతి మొదటి గదిలోనే గాజు వెనక మైకలాంజెలో చెక్కిన పియెతా శిల్పం ఉంది. గోపురం పైకి 551 మెట్లు. లిఫ్ట్ ఎక్కినా ఇంకా 320 మిగులుతాయి, ఆ మాట నాన్నగారి దగ్గర ఎత్తకండి. తిరిగి రావడానికి ఒత్తవియానో స్టేషన్, ఏ లైన్, ఆరో స్టేషన్ టెర్మినీ.

రావిచెట్టు నీడ:

ట్రెవీ పొద్దున్నే అన్న మాట ఒప్పుకున్నాను, అదే మేలు. స్పానిష్ మెట్ల సంగతీ అంతే.

ఒక్కటి చేరుస్తాను. పాంథియన్‌లో నాన్నగారి చేత పైకి చూపించడమే కాదు, కిందికి కూడా చూపించండి. గోపురం నడినెత్తిన తొమ్మిది మీటర్ల వెడల్పు రంధ్రం ఉంది, మూత లేదు. వాన పడితే లోపల పడుతుంది. అందుకే నేలని నడుమ కాస్త ఉబ్బుగా పరిచి, 22 చిన్న రంధ్రాలు పెట్టారు, నీళ్లు వాటిలోంచి పోతాయి. గోపురం వెడల్పు, నేలనుంచి ఎత్తు రెండూ 43.3 మీటర్లే. ఇనుపచువ్వ లేని కాంక్రీటులో దాన్ని మించిన గోపురం ఇప్పటికీ లేదు. వాన పడుతున్న రోజు దొరికితే మీ అదృష్టం. తడిసిన చోట తాడు కడతారు, పాలరాయి జారుతుంది, చెయ్యి పట్టుకోండి.

గల్లీ పటం:

నీళ్ల సీసాలు కొనకండ్రి. గల్లీ గల్లీకి ఇనుప నల్లాలుంటయి, ఊరంత కలిపి రెండువేల అయిదువందల దాక. ఎప్పటికీ పారుతనే ఉంటయి, తాగే నీళ్లే, చల్లగుంటయి. ముక్కు తీరు గొట్టం ఉంటది కాబట్టి "నజోనే" అంటరు. ఆ గొట్టం కొసను వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రం నుంచి నీళ్లు పైకి ఎగురుతయి, వంగకుండ తాగొచ్చు. నాయిన నడుముకు మంచిది. ఖాళీ ప్లాస్టిక్ సీసా ఒకటి సంచిల వేసుకోండ్రి, కొలోసియం లోపలికి గూడ రానిస్తరు.